బీప్ వస్తే బటన్ నొక్కేశాను: డీసీ పవర్ సప్లై అలారాల కథ

ముందు ఈ సౌండ్ వినండి. (బీప్... బీప్... బీప్.) మొబైల్ రిపేర్ షాపులో కూర్చున్నవాళ్లకి ఇది బాగా తెలుసు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు ల్యాబ్‌లో వినే ఉంటారు. వినగానే మన చెయ్యి ఎటు పోతుంది? ఆఫ్ బటన్ మీదకి. ఆపేసి మళ్లీ ఆన్ చేస్తాం. మళ్లీ బీప్ వస్తే ఏదో ఒక నాబ్ తిప్పేస్తాం. నేనూ అదే చేశాను. దాని వల్ల ఒకామెకి తిరిగి ఇవ్వలేని నష్టం జరిగింది. ఈ ఎపిసోడ్ దాని గురించి.

టేబుల్ మీద ఉన్నది ల్యాబ్ డీసీ పవర్ సప్లై. షాపుల్లో డీసీ మెషీన్ అంటారు. గోడ ప్లగ్‌లో వచ్చే 230 వోల్టుల ఏసీ తీసుకుని, మనం అడిగినంత డీసీ ఇస్తుంది. ఇది 30 వోల్టులు, 5 ఆంపియర్ల వరకు ఇచ్చేది. రాజాం, టెక్కలి, విజయనగరం, ఏ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి వెళ్లినా ఇలాంటివి వరసగా ఉంటాయి. శ్రీకాకుళంలో ఫోన్ బోర్డు రిపేర్ చేసే షాపుకి వెళ్లినా కనీసం ఒకటి ఉంటుంది. బ్యాటరీ తీసేసి, ఆ స్థానంలో ఈ మెషీన్ వైర్లు పెట్టి, ఫోన్ ఎంత కరెంట్ లాగుతోందో చూస్తారు. పవర్ బటన్ నొక్కకుండానే ఆంపియర్ లెక్కన లాగేస్తోందంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు.

దీనికి ముఖ్యమైన నాబ్‌లు రెండు. ఒకటి వోల్టేజ్, ఒకటి కరెంట్. చాలామంది రెండూ "ఇంత ఇవ్వు" అనే ఆర్డర్లే అనుకుంటారు. కాదు. రెండూ హద్దులు. మీరు 5 వోల్టులు, 1 ఆంపియర్ పెట్టారనుకోండి. తగిలించిన వస్తువు అర ఆంపియరే తీసుకుంటే, మెషీన్ 5 వోల్టుల దగ్గర నిలబడుతుంది. దీన్ని సీవీ అంటారు, అంటే వోల్టేజ్ కదలదు. అదే వస్తువు 1 ఆంపియర్ కంటే ఎక్కువ లాగాలని చూస్తే, మెషీన్ ఇవ్వదు. కరెంట్‌ని 1 దగ్గర పట్టుకుని వోల్టేజ్‌ని కిందకి దించేస్తుంది. ఇది సీసీ. ముందు ప్యానెల్ మీద ఒక లైట్ ఆరిపోయి ఇంకో లైట్ వెలుగుతుంది.

ఇక్కడొక విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. సీసీ లైట్ అలారం కాదు. మెషీన్‌కి ఏమీ కాలేదు, దాని పని అది చేస్తోంది. కానీ ఆ లైట్ వెలిగినంతసేపూ మీరు వోల్టేజ్ నాబ్ మీద పెట్టిన నంబర్ లోపల కాచుకుని కూర్చుని ఉంటుంది. అవతల అడ్డు తొలగిందా, నేరుగా ఆ నంబర్‌కి ఎగురుతుంది.

సరే, కథలోకి వద్దాం. 2020. నాకు ఉద్యోగం వచ్చి కొన్నాళ్లే అయింది. లాక్‌డౌన్‌తో ల్యాప్‌టాప్ పట్టుకుని శ్రీకాకుళం వచ్చేశాను. షాపులు తెరవనిచ్చాక సాయంత్రాలు మా మావయ్య రిపేర్ షాపులో కూర్చునేవాడిని. ఆయన ఐటీఐ, నేను బీటెక్. ఆ తేడా నా తలలో ఎంత ఉండేదో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఒకరోజు కళింగపట్నం వైపు ఊరు నుంచి ఒకామె వచ్చారు. ఫోన్ డెడ్. వాళ్లాయన వేటకి వేరావల్ వెళ్లేవారట. మన తీరంలో ఎన్ని ఇళ్ల నుంచి గుజరాత్ బోట్లకి వెళ్తారో మీకు తెలుసు. నెలల తరబడి అక్కడే ఉండి, రాత్రిపూట వాయిస్ మెసేజ్‌లు పెట్టేవారు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆమె అడిగింది ఒకటే. "ఫోన్ పోతే పోయింది బాబూ. మా ఆయన మాటలున్నాయి అందులో. అయ్యొక్కటీ తీసిస్తే సాలు."

బ్యాకప్ లేదు. అసలు అలాంటిదొకటి ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మావయ్య బోర్డు విప్పి మల్టీమీటర్ పెట్టి చూశారు. షార్ట్ దొరికింది, మెయిన్ బ్యాటరీ లైన్ మీద కాదు, ప్రాసెసర్‌కి వెళ్లే లైన్ మీద. ఆ లైన్ మీద వరసగా చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఆవగింజ కంటే చిన్నవి. వాటిలో ఒకటి లోపల కలిసిపోయి ఉంటుంది. అది ఏదో తెలుసుకోవడానికి ఆ లైన్‌లోకి బయట నుంచి కొద్దిగా కరెంట్ పంపుతారు. పోయిన కెపాసిటర్ వేడెక్కుతుంది. పైన రోజిన్ పూత ఉంటే అక్కడే కరుగుతుంది. షాపులన్నింట్లో రోజూ జరిగే పనే.

ఆయన మెషీన్ మీద ఏదో సెట్ చేసి, "వచ్చి సూస్తానుండు, ముట్టకు" అని టీకి వెళ్లారు. నేను ముట్టాను.

స్క్రీన్ మీద వోల్టేజ్ ఒకటికి దగ్గర్లో ఉంది. నాకు నవ్వొచ్చింది. ఫోన్ బ్యాటరీ దాదాపు 4 వోల్టులు కదా, ఒకటితో ఏం వేడెక్కుతుంది? 4 పెట్టాను. వైర్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి. అవుట్‌పుట్ ఆన్ చేశాను. బీప్. స్క్రీన్ మీద ఓవీపీ అని వచ్చింది. క్లియర్ చేసి మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ బీప్. మెనూలోకి వెళ్లి చూస్తే ఓవీపీ 1.2 అని ఉంది. ఎవరో తప్పుగా పెట్టారనుకుని దాన్ని పూర్తిగా పైకి, 33కి తోసేశాను. బీప్ ఆగింది. వైర్లు బోర్డు మీద పెట్టాను. మళ్లీ బీప్. ఈసారి ఓసీపీ. దాన్నీ ఆఫ్ చేశాను. ఇప్పుడు సైలెంట్. సీసీ లైట్ వెలిగింది. 2 ఆంపియర్లు, 0.3 వోల్టులు చూపించింది. ఏమీ వేడెక్కలేదు. లిమిట్ 4 ఆంపియర్లకి పెంచాను.

లెక్క చూడండి. 2 ఆంపియర్లు, 0.3 వోల్టులు అంటే ఆ షార్ట్ నిరోధం 0.15 ఓమ్. అక్కడ పుట్టే వేడి 0.6 వాట్. కరెంట్ రెట్టింపు చేస్తే వేడి నాలుగు రెట్లు, 2.4 వాట్లు. ఆవగింజ మీద 2.4 వాట్లు. చిన్న పొగ, కాలిన వాసన. కెపాసిటర్ మాడి తెగిపోయింది. నేను "దొరికింది!" అనుకున్నాను.

అదే క్షణంలో ఇంకోటి జరిగింది, నాకు కనిపించలేదు. షార్ట్ పోయింది కదా, కరెంట్ లాగేవాడు లేడు. మెషీన్ సీసీలోంచి బయటికొచ్చి, నేను నాబ్ మీద పెట్టిన 4 వోల్టులకి ఎగిరింది. ఆ లైన్ మీద కూర్చున్నది ఒక వోల్టుకి అటూఇటుగా బతికే ప్రాసెసర్. నేను స్క్రీన్ వైపు చూసేసరికి 4.00 అని స్థిరంగా, చక్కగా, సీవీ లైట్‌తో ఉంది.

మావయ్య వచ్చారు, వాసన చూశారు. "ఏటి పెట్టావ్ వోల్టేజ్?" అన్నారు. చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు, కుర్చీలో కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మెమరీ చిప్ బాగానే ఉంది కదా, అందులోంచి తీయొచ్చు కదా అని మీరు అడుగుతారు. ఇప్పటి ఫోన్లలో మెమరీలో ఉన్నదంతా తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి ప్రాసెసర్ లోపల ఉంటుంది. ప్రాసెసర్ చచ్చిపోతే మెమరీ చిప్ ఒక తాళం వేసిన పెట్టె, అంతే.

మర్నాడు ఆమె వస్తే మావయ్య నన్నే చెప్పమన్నారు. "ఫోన్ రాలేదమ్మా" అని తప్పించుకోవచ్చు. రిపేర్‌లో అలా జరుగుతుంటుంది, ఎవరూ అడగరు. నేనే పాడు చేశానని చెప్పాను. ఆమె కాసేపు బల్ల మీద కూర్చుని, విడిగా ఉన్న బోర్డు కూడా ఇవ్వమని అడిగి, అన్నీ కలిపి కవర్లో పెట్టుకుని వెళ్లిపోయారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇప్పుడు మళ్లీ మెషీన్ దగ్గరికి. ఆ రోజు అది నాకు మూడుసార్లు చెప్పింది. ఒక్కోసారి ఏం చెప్పిందో విడదీసి చూద్దాం.

మొదటి రెండుసార్లు ఓవీపీ, ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్. "ఈ గీత దాటి వోల్టేజ్ వస్తే ఎవరి మాటా వినను, అవుట్‌పుట్ కోసేస్తాను" అని మెషీన్ పెట్టుకునే గీత అది. మావయ్య 1.2 దగ్గర గీశారు, ఎందుకంటే ఆ లైన్ ఏమిటో ఆయనకి తెలుసు. నేను 4 అడిగాను. అది ఒప్పుకోలేదు. అంతకంటే స్పష్టంగా ఒక మెషీన్ ఏం చెప్పగలదు? నేను గీతే చెరిపేశాను. అసలు వోల్టేజ్ 1 దగ్గరే ఉంచి ఉంటే కెపాసిటర్ తెగినా 1 దాటేది కాదు, ప్రాసెసర్ బతికేది. ఓవీపీ దాని వెనకాల ఉన్న రెండో గోడ. నాలాంటివాడు నాబ్ తిప్పినప్పుడు పనికొచ్చేది అదే.

ఓవీపీ ఎందుకు ట్రిప్ అవుతుందో ఇంకొన్ని కారణాలున్నాయి. ల్యాబ్‌లో పొడుగు వైర్లు వాడితే దారిలో కొంత వోల్టేజ్ పోతుంది. అందుకని మంచి మెషీన్లకి సెన్స్ వైర్లని ఇంకో జత ఉంటుంది, అవతలి చివర ఎంత అందుతోందో కొలవడానికి. ఆ సెన్స్ వైర్ తప్పు చోట తగిలిస్తే మెషీన్ "అయ్యో, అక్కడ తక్కువుంది" అనుకుని పెంచుకుంటూ పోతుంది. ఓవీపీ పట్టుకుంటుంది. మోటార్ తగిలించి ఒక్కసారి ఆపితే అది జనరేటర్‌లా వోల్టేజ్ వెనక్కి తోస్తుంది. అప్పుడూ ట్రిప్ అవుతుంది. అన్నింటికంటే భయపడాల్సింది, మెషీన్ లోపల అవుట్‌పుట్‌ని అదుపు చేసే ట్రాన్సిస్టరే షార్ట్ అవ్వడం. అప్పుడు నాబ్‌లు పనిచేయవు. లోపలున్న వోల్టేజ్ మొత్తం బయటికి వచ్చేస్తుంది.

దానికోసం కొన్ని మెషీన్లలో క్రోబార్ అని ఒక సర్క్యూట్ ఉంటుంది. క్రోబార్ అంటే మన గునపమే. పిచ్చి పట్టిన లైన్ మీద ఇనప గునపం అడ్డంగా పడేసి షార్ట్ చేసినట్టు, ఒక థైరిస్టర్ అవుట్‌పుట్ రెండు కొనల్నీ కలిపేస్తుంది. వోల్టేజ్ కుప్పకూలుతుంది, ఫ్యూజు పోతే పోతుంది, మీ బోర్డు మాత్రం మిగులుతుంది. ఒక్క జాగ్రత్త. క్రోబార్ ఉన్న మెషీన్‌కి నేరుగా బ్యాటరీ తగిలించి ఛార్జ్ చేయకండి. గునపం పడిందంటే బ్యాటరీని కూడా షార్ట్ చేసినట్టే. మధ్యలో డయోడ్ ఉండాలి. బైక్ బ్యాటరీలు ఛార్జ్ చేసే తమ్ముళ్లూ, మీకే చెప్తున్నాను.

మూడో బీప్ ఓసీపీ. దీనికీ సీసీకీ తేడా అడిగితే బీటెక్ వాళ్లలోనే చాలామంది తడబడతారు. సీసీ అయితే కరెంట్‌ని హద్దు దగ్గర పట్టుకుని ఇస్తూనే ఉంటుంది. ఓసీపీ ఆన్‌లో ఉంటే, హద్దు తగలగానే పూర్తిగా ఆపేస్తుంది. షార్ట్‌లోకి 2 ఆంపియర్లు గంటసేపు పంపాలా, వెంటనే ఆపాలా అన్నది మీ పనిని బట్టి ఉంటుంది. షార్ట్ వెతికే పనిలో ఓసీపీ ఆఫ్ చేయడం తప్పు కాదు నిజానికి, మావయ్య కూడా చేసేవారు. ఎందుకు ఆఫ్ చేస్తున్నానో తెలియకుండా చేయడం నా తప్పు.

ఇంకో చికాకు ఉంది ఇందులో. కొన్ని బోర్డుల మీద పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఆన్ చేసిన మొదటి క్షణంలో అవి నిండడానికి బోలెడు కరెంట్ లాగుతాయి. తప్పేమీ లేకపోయినా ఓసీపీ ట్రిప్ అవుతుంది. రెండుసార్లు అలా అయితే మనిషి ఏం చేస్తాడు? ఓసీపీ తీసి పారేస్తాడు. దానికి సరైన మందు డిలే. "హద్దు దాటినా ఇన్ని మిల్లీసెకన్లు ఓపిక పట్టు, అప్పటికీ దిగకపోతే ఆపు" అని చెప్పే సెట్టింగ్. మీ మెషీన్‌లో ఉందేమో మెనూ చూడండి.

ఊరికే మోగే అలారం చాలా ప్రమాదం, ఎందుకంటే అది మనకి దాటడం నేర్పిస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది పాఠంగా చెప్పే కేసు ఒకటుంది, థెరాక్-25. కేన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే మెషీన్. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి హద్దులు దాటిన డోస్ ఇచ్చేసింది, వాళ్లలో కొందరు చనిపోయారు. స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చేది. ఆ నంబర్‌కి అర్థమేంటో ఆపరేటర్‌కి తెలియదు. రోజూ ఏవో ఎర్రర్లు వస్తూనే ఉంటాయి కాబట్టి, కొనసాగించడానికి పీ అనే కీ నొక్కడం అలవాటైపోయింది. పాత మోడల్‌లో ఉండే హార్డ్‌వేర్ అడ్డుకట్టలు ఇందులో తీసేసి, సాఫ్ట్‌వేర్ మీదే భారం వేశారు. నేను ఓవీపీని 33కి తోయడం, వాళ్లు పీ నొక్కడం ఒకే రకం పని.

అంత దూరం ఎందుకు, మన విజయనగరం జిల్లాలోనే ఉంది. 2023 అక్టోబర్ 29 సాయంత్రం కంటకాపల్లి, అలమండ మధ్య పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. అక్కడ రెండు ఆటోమేటిక్ సిగ్నల్స్ పనిచేయడం లేదు. అలాంటి సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, తర్వాత గంటకి 10 కిలోమీటర్లకి మించకుండా వెళ్లాలన్నది రూలు. ఆ రూలు పాటించలేదని ప్రాథమిక విచారణలో చెప్పారు. బాధ్యుడు ఎవరో తేల్చడం నా పని కాదు, ఆ రైలు నడిపినవారు కూడా ఆ ప్రమాదంలోనే పోయారు. నేను చూస్తున్నది ఆ రూలు వైపు. చెడిపోయిన అలారాన్ని దాటక తప్పదు కొన్నిసార్లు, కానీ దాటేటప్పుడు ఎంత నెమ్మదిగా వెళ్లాలో ముందే రాసి పెట్టారు. మన బల్ల మీద అలాంటి రూలు రాసుకున్నవాళ్లు ఎంతమంది?

ఇప్పుడు లాచ్ గురించి. ఓవీపీ, ఓసీపీ ట్రిప్ అయ్యాక మెషీన్ తనంతట తాను తిరిగి ఆన్ అవ్వదు, మీరు వచ్చి క్లియర్ చేసేదాకా అలాగే ఉంటుంది. కొందరికి ఇది విసుగు. ఆలోచించండి, షార్ట్ ఉన్న బోర్డు మీద అది సెకనుకోసారి ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటే ఏమవుతుంది? మనిషి వచ్చి చూడాలనే అది ఆగింది.

కంప్యూటర్ నుంచి ఈ మెషీన్లని నడిపే తమ్ముళ్లకి ఒక మాట. స్కిపీ అని 1990 నుంచి ఉన్న కమాండ్ల భాష ఉంది కదా. చాలా మెషీన్లలో అవుట్‌పుట్ ప్రొటెక్షన్ క్లియర్ అని ఒక కమాండ్ ఉంటుంది. ప్రాజెక్టుల్లో నేను చూసిన కోడ్‌లో అది లూప్‌లో ఉంటుంది. ట్రిప్ అయిందా, క్లియర్, మళ్లీ ఆన్. మనం సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేస్తాం చూడండి, ఆ జబ్బు. సర్వర్‌కి పొగ రాదు, బోర్డుకి వస్తుంది. ముందు స్టేటస్ రిజిస్టర్ చదవండి, ఏ బిట్ వెలిగిందో ఫైల్‌లో రాయండి, అవుట్‌పుట్ ఆఫ్‌లోనే వదిలేసి మనిషిని పిలవండి. వాచ్‌డాగ్ ఉంటే ఆన్ చేయండి. మీ ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయి కమాండ్లు ఆగిపోతే, అది అవుట్‌పుట్ కోసేస్తుంది.

వేడి అలారం, ఓటీపీ. (బ్యాంకు ఓటీపీ కాదు, నవ్వకండి.) లీనియర్ రకం మెషీన్లో లోపల 35 వోల్టులు ఉండి, మీరు 5 వోల్టులు 3 ఆంపియర్లు తీసుకుంటే, మిగతా 30 వోల్టులూ లోపలే వేడిగా మారాలి. 30 ఇంటూ 3, 90 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడున్నర ఆ డబ్బాలో కూర్చున్నట్టు. వోల్టేజ్ పెంచుతుంటే లోపల టక్ మని శబ్దం వస్తుంది చూడండి, అది ఆ వేడి తగ్గించడానికి రిలే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు మార్చడం. మన మే నెల ఎండలో, ఫ్యాన్ జాలీ నిండా దుమ్ము ఉంటే ఓటీపీ రాక ఏమవుతుంది? కొన్ని మెషీన్లు చల్లారాక తమంతట తామే ఆన్ అయిపోతాయి. మీది ఏ రకమో తెలుసుకోండి. ఆగింది కదా అని చేతులు పెట్టినప్పుడు ఆన్ అయితే బాగోదు.

కరెంట్ పోయి వచ్చినప్పుడు సంగతి కూడా అంతే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంట్ ఎన్నాళ్లు లేదో అక్కడివాళ్లని అడగండి. తిరిగొచ్చే కరెంట్ ఒక్కసారిగా నిలకడగా రాదు, వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు మెషీన్ అవుట్‌పుట్ ఆఫ్‌తో మొదలవ్వాలి. కొన్నింటికి "చివరిసారి ఎలా ఉందో అలాగే మొదలవ్వు" అనే సెట్టింగ్ ఉంటుంది. షాపు మూసి ఇంటికెళ్లేవాళ్లు దాన్ని ఆఫ్ చేసి వెళ్లండి.

నేను ఇప్పుడు చేసేది చెప్తాను. బోర్డు తగిలించక ముందే ఆ లైన్ మామూలుగా ఎంత వోల్టేజ్ మీద నడుస్తుందో స్కీమాటిక్‌లో చూస్తాను. వోల్టేజ్ అంతకు మించి పెట్టను. ఓవీపీ దానికి కాస్త పైన, అంతే. వైర్లు గాల్లో ఉండగా ఓవీపీని కావాలని ఒకసారి ట్రిప్ చేసి చూస్తాను, పనిచేస్తోందా లేదా అని. కొనలు రెండూ ఒకదానికొకటి తాకించి కరెంట్ హద్దు సరిచూస్తాను. రెండు నిమిషాల పని. బీప్ వస్తే చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు స్క్రీన్ మీద ఏం రాసి ఉందో కాగితం మీద రాస్తాను. కాగితం ఎందుకంటే, రాసేసరికి ఆ నొక్కేయాలన్న తొందర పోతుంది.

మావయ్య షాపులో మెషీన్ మీద ఇప్పుడు ఓవీపీ కీకి సెల్లోటేప్ అంటించి ఉంది. నా కోసమే అని అనుమానం. అడగలేదు.

చాలామంది అడుగుతున్నారు, తక్కువ ధర మెషీన్లలో ఓవీపీ లేకపోతే ఏం చేయాలని. బయట నుంచి జీనర్, థైరిస్టర్, ఫ్యూజుతో చిన్న క్రోబార్ కట్టుకోవచ్చు. 5 వోల్టులు, 12 వోల్టుల లైన్లకి బాగా పనికొస్తుంది. ఒక వోల్టు లైన్‌కి మాత్రం అది సరిపోదు, అక్కడ వోల్టేజ్ నాబే దిక్కు. వచ్చే ఎపిసోడ్‌లో అది బ్రెడ్‌బోర్డ్ మీద కట్టి, కావాలని ట్రిప్ చేసి చూపిస్తాను. ఒక ఫ్యూజు పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఉంటాను మరి.